మీ ప్రశ్నలు - మా జవాబులు: గోధుమ బోర్బన్ అగ్గువకు దొరికితే కొనొచ్చా?

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన సీసాల గురించి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒక్కచోట పెట్టాం. బోర్బన్ అంటే ఎక్కువ పాలు మక్కలతో చేసే అమెరికా విస్కీ. అందులో రై (గోధుమ, బార్లీ లాంటి ఒక ధాన్యం, ఆవాలు కాదు) బదులు గోధుమ వేసి చేసేది పెట్టిన డబ్బుకు తగినదా కాదా, ఎట్లా తేల్చుకోవాలి అన్నదే అందులో ఎక్కువమంది అడిగింది. తెలంగాణలో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. ఈ శీర్షిక ఆ వయసు దాటినవాళ్ల కోసమే.

ప్రశ్న: మా అన్న కొడుకు అమెరికా నుంచి వస్తూ లార్సెనీ అనే సీసా తెచ్చిండు. "చిన్నాయనా, ఇది గోధుమ బోర్బన్, అక్కడ అగ్గువదే గానీ మస్తుంటది" అంటడు. మనకు తెలిసిన విస్కీకి దీనికి తేడా ఏంది? అగ్గువదంటే నాసిరకమేనా? - ఒక పాఠకుడు, మిర్యాలగూడ

అగ్గువకు దొరికే బోర్బన్‌కు కూడా అమెరికా చట్టం ఒక కట్టుబాటు పెట్టింది. నానబెట్టే ధాన్యంలో కనీసం 51 శాతం మక్కలుండాలి. లోపలి గోడలు కాల్చిన కొత్త ఓక్ చెక్క పీపాలోనే నిల్వ చేయాలి. పీపాలో పోసేటప్పుడు ఘాటు, అంటే ఆల్కహాల్ పాలు, 62.5 శాతం మించకూడదు, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. రంగు, సువాసన, చక్కెర ఏదీ కలపకూడదు. ఇక్కడ తక్కువ ధరలో దొరికే విస్కీల్లో చాలావరకు మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి తీసిన స్పిరిట్‌తో, కారమెల్ రంగుతో తయారవుతాయి. అందుకే రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

మక్కలు పోను మిగిలిన పాలులో మొలకెత్తిన బార్లీ కొంత ఉంటుంది. తక్కినది చాలా కంపెనీలు రైతో నింపుతాయి. మిరియం, లవంగం లాంటి ఘాటు దాన్నుంచే వస్తుంది. రై తీసేసి గోధుమ వేస్తే అది గోధుమ బోర్బన్. మీ లార్సెనీలో మక్క 68, గోధుమ 20, బార్లీ 12 శాతం. మేకర్స్ మార్క్ అనే ఇంకో గోధుమ బోర్బన్‌లో అదే వరుసలో 70, 16, 14.

గోధుమ వల్ల తీపి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బట్టీలో ఆవిరి చేసి తీసినప్పుడు ధాన్యంలోని చక్కెర పైకి రాదు. గోధుమ తన గొంతు పెద్దగా వినిపించదు కాబట్టి మక్క కమ్మదనం, పీపా ఇచ్చే వనిల్లా, ముదురు పాకం వాసన ముందుకొస్తాయి. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పీపా బాగా లేకపోయినా, నిల్వ చాలకపోయినా ఆ లోపాన్ని కప్పిపెట్టే రై ఘాటు ఇందులో ఉండదు. గోధుమ బోర్బన్ లోటుపాట్లు త్వరగా బయటపడతాయి. కొనేముందు లేబుల్ చదవమనేది అందుకే.

లేబుల్‌లో వెతకాల్సింది "స్ట్రెయిట్" అనే మాట. ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నట్టు. నాలుగేళ్ల కంటే తక్కువైతే వయసు రాసి తీరాలి. కాబట్టి స్ట్రెయిట్ అని ఉండి వయసు లేకపోతే నాలుగేళ్లో, పైనో అని అర్థం. "బాటిల్డ్ ఇన్ బాండ్" అని ఉంటే ఇంకా గట్టి హామీ. 1897 నాటి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసి, ప్రభుత్వ నిఘాలోని గోదాములో కనీసం నాలుగేళ్లు ఉంచి, సరిగ్గా 50 శాతం ఘాటుతో నింపాలి. "స్మాల్ బ్యాచ్" అన్న మాటకు మాత్రం చట్టంలో నిర్వచనం లేదు. ఆ మాట చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

పేరు మోగిన సీసాల విషయంలోనూ జాగ్రత్త. వెల్లర్, వాన్ వింకిల్ రెండూ బఫెలో ట్రేస్ డిస్టిలరీ గోధుమ బోర్బన్లే. వాన్ వింకిల్ దొరక్కపోవడంతో దాని పేరు వెల్లర్ మీద కూడా పడి, కంపెనీ చెప్పే ధరకూ బయట అమ్మే ధరకూ పొంతన లేకుండా పోయింది. ఆ పైడబ్బు గ్లాసులోకి రాదు. వెల్లర్ స్పెషల్ రిజర్వ్ 45 శాతం ఘాటున్న మంచి సీసా, అంతే. దానికి రెట్టింపు ధర పెట్టడం మా దృష్టిలో దండగ.

ప్రశ్న: మన సీసా మీద 42.8 అని ఉంటది. అమెరికా సీసా మీద 90 ప్రూఫ్ అని ఉంది. రెట్టింపు ఘాటా? - సూర్యాపేట

కాదు. అమెరికా ప్రూఫ్‌ను సగం చేస్తే శాతం వస్తుంది. 90 ప్రూఫ్ అంటే 45 శాతం, లార్సెనీ 92 ప్రూఫ్ అంటే 46. మనది పాత బ్రిటిష్ లెక్క. అందులో 57.1 శాతాన్ని 100 ప్రూఫ్ అన్నారు. మన సీసాల మీద కనిపించే 75 డిగ్రీల ప్రూఫ్ అంటే దానిలో ముప్పావు వంతు, 42.8.

30 మిల్లీలీటర్ల పెగ్గులో చూస్తే మన సీసాలో 12.8 మిల్లీలీటర్ల ఆల్కహాల్, 90 ప్రూఫ్ సీసాలో 13.5. తేడా స్వల్పం. 107 ప్రూఫ్ ఉండే వెల్లర్ యాంటిక్ దగ్గరికి వచ్చేసరికి అదే పెగ్గులో 16 మిల్లీలీటర్లు, అంటే పావు వంతు ఎక్కువ. "రోజూ తాగేది రెండు పెగ్గులే కదా" అన్న అలవాటు లెక్క అక్కడ పనికిరాదు. బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. తాగిన రోజు బండి తాళం ఇంకొకరికి ఇచ్చేయండి.

ప్రశ్న: గోధుమది మెత్తగా ఉంటదని చెప్పిన్రు. నాకైతే ముక్కు మండింది, గొంతు మండింది. నకిలీదా? రుచి చూసే పద్ధతి ఏమన్నా ఉందా? - జడ్చర్ల

సీలు మీ చేతులతోనే విప్పి ఉంటే నకిలీ అని అనుమానపడే ముందు గది వేడి చూడండి. పుస్తకాల్లో రాసే "గది ఉష్ణోగ్రత" 20 డిగ్రీల దగ్గరిది. పాలమూరు ఎండాకాలంలో రాత్రి తొమ్మిదింటికి కూడా ఇంట్లో 33, 34 ఉంటుంది. ఆ వేడికి గ్లాసులోంచి ఆల్కహాల్ ముందు లేచి ముక్కును కొడుతుంది, మిగతా వాసనలన్నీ దాని వెనక పడతాయి. సీసాను సగం వరకు చల్లటి నీళ్ల బకెట్‌లో 20 నిమిషాలు నిలబెట్టండి. ఫ్రిజ్‌లో గంటలకొద్దీ పెడితే మళ్లీ వాసన చచ్చిపోతుంది.

తర్వాతది గ్లాసు. వెడల్పు టంబ్లరు వద్దు, స్టీలు గ్లాసు అసలే వద్దు. కింద ఉబ్బి పైన మూతి ముడుచుకున్న గ్లాసు కావాలి. చిన్న వైన్ గ్లాసు సరిపోతుంది. నిమ్మ వాసన సబ్బుతో తోమిన గ్లాసైతే వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, బోర్లించి ఆరబెట్టండి. ఆ గదిలో అగరుబత్తి, దోమల చుట్ట, కర్పూరం వెలగకూడదు. భోజనానికి ముందు కూర్చోండి. జర్దా, గుట్కా, పాన్ వేసుకున్న నోటితో గంట వరకు ఏ రుచీ తేలదు.

15 మిల్లీలీటర్లు పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. గ్లాసును ముందు గడ్డం దగ్గర పట్టి, నోరు కొద్దిగా తెరిచి మెల్లగా పీల్చండి. ముక్కును గ్లాసులో దూర్చడం వల్లే చాలామందికి మంట. ఆల్కహాల్ కాస్త తేలిపోయాక పెదవి దాకా తెచ్చి మళ్లీ చూడండి. మొదటి గుక్క పావు చెంచా మాత్రమే. అది నోటిని అలవాటు చేయడానికి. దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు. రెండో గుక్క అర చెంచా తీసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పుతూ ఐదు నుంచి పది సెకన్లు ఉంచి మింగండి. నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అసలు రుచి అప్పుడే తెలుస్తుంది.

మంచి గోధుమ బోర్బన్‌లో ఏం దొరకాలి? ముందు కాల్చిన మక్కకంకి, ముదురు బెల్లం పాకం. ఆ వెనక వెన్న రాసిన గోధుమ రొట్టె, ఎండు ఖర్జూరం. కొన్నింటిలో కొబ్బరి ఛాయ కూడా ఉంటుంది, అది ఓక్ చెక్క నుంచి వచ్చేదే. మింగాక వెచ్చదనం ఛాతీలోకి దిగి, తీపి వాసన నోట్లో అర నిమిషమైనా నిలవాలి. వెచ్చదనం ఉండి వాసన వెంటనే మాయమైతే ఆ సీసా పలచనిది.

లోపాలూ గుర్తుపట్టొచ్చు. గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తే బట్టీలో ఆవిరి చేసి తీసేటప్పుడు మొదట వచ్చే భాగాన్ని సరిగా వేరు చేయలేదన్నమాట. పచ్చి మక్కపిండి, తడి చొప్ప వాసన ఉంటే పీపాలో ఉన్నది తక్కువ కాలం. నాలుక పక్కలు పట్టేసినట్టయి కరక్కాయ నమిలినంత వగరు ఉంటే పీపాలో మరీ ఎక్కువ కాలం ఉంది. అగ్గువ సీసాల్లో ఎక్కువగా కనిపించేది రెండోది. రంపపు పొట్టు వాసన కూడా దానితోనే వస్తుంది.

ఆ తర్వాత 5 మిల్లీలీటర్ల సిరంజితో (మెడికల్ షాపులో సూది లేకుండా అడగండి) 2 మిల్లీలీటర్ల నీళ్లు వేయండి. 45 శాతం ఉన్నది 40కి దిగుతుంది. మళ్లీ వాసన చూడండి. నీళ్లు పడ్డాక వాసన విచ్చుకుంటే మంచి సరుకు. నీళ్లు పడగానే చప్పబడితే అందులో బలంగా ఉన్నది ఆల్కహాలే తప్ప ఇంకేం లేదు. మీ అభిప్రాయం రెండు ముక్కల్లో రాసుకోండి. గ్లాసు కడగకుండా పొద్దున దాకా ఉంచి వాసన చూడండి. పీపా మంచిదైతే ఆరిన గ్లాసులో కూడా పాకం, చెక్క వాసన ఉంటుంది.

ప్రశ్న: మా ఊళ్లో బోరు నీళ్లు ఫ్లోరైడ్ నీళ్లు. విస్కీలో కలిపితే రుచి మారుతదా? మరిగించి కలపొచ్చా? - దేవరకొండ

రుచిని మార్చేది ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్ల కఠినత్వం. కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లు పోస్తే బోర్బన్‌లోని సన్నటి పులుపు విరిగి చప్పగా అవుతుంది. అడుగున ఉప్పదనం తేలుతుంది, ఒక్కోసారి గ్లాసులో మసక కనిపిస్తుంది. కంపెనీలు కూడా సీసాలో నింపేముందు ఘాటు తగ్గించడానికి ఖనిజాలు తీసేసిన నీళ్లే వాడతాయి.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరిపోయి అది ఇంకా చిక్కబడుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. అది దాటిన నీళ్లు విస్కీకే కాదు, దేనికీ తాగొద్దు. రుచి చూడటానికి ఆర్వో నీళ్లో, కరిగిన లవణాలు లీటరుకు 100 మిల్లీగ్రాములలోపు ఉన్న క్యాన్ నీళ్లో వాడండి. ఐసు కూడా వాటితోనే చేసుకోవాలి. ఫ్రిజ్‌లో చేపలు, ఉల్లిగడ్డ తరుగు పక్కన మూత లేకుండా పెట్టిన ఐసు ఆ వాసనంతా పీల్చుకుంటుంది. బోర్బన్ పాడైందని తిట్టుకునేవాళ్లు ముందు ఐసు ట్రే వాసన చూడాలి.

ప్రశ్న: బామ్మర్ది దుబాయ్ మీదుగా వస్తుండు. డ్యూటీ ఫ్రీలో లీటరు సీసా తెమ్మంటే మంచిదా, 750 తెమ్మంటే మంచిదా? ఏది గిట్టుబాటో లెక్క చెప్పండి. - మహబూబ్‌నగర్

ముందు హద్దు. విదేశాల నుంచి వచ్చే ఒక్కొక్కరికి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం వరకే. డ్యూటీ ఫ్రీలో కొన్నదీ అందులోనే లెక్క. లీటరు సీసాలైతే రెండు సరిగ్గా పడతాయి. 750వి మూడు తెస్తే 2.25 లీటర్లయి హద్దు దాటుతుంది. మధ్యలో విమానం మారేచోట చేతిసంచిని మళ్లీ తనిఖీ చేస్తారు. డ్యూటీ ఫ్రీ వాళ్లు సీలు వేసిచ్చిన సంచిని ఇల్లు చేరేదాకా విప్పొద్దని చెప్పండి.

ఇక ధర. సీసా ధర పక్కన పెట్టి రెండు లెక్కలు వేయండి. లెక్క కోసం అనుకుందాం: 750 మిల్లీలీటర్లు, 45 శాతం ఉన్న సీసా 4,500 రూపాయలు. లీటరు, 40 శాతం ఉన్నది 4,800. పెగ్గు లెక్కన మొదటిది 180, రెండోది 144 రూపాయలు. రెండోది అయిదో వంతు అగ్గువ అనిపిస్తుంది. ఘాటు కలిపి చూస్తే మొదటి సీసాలో 337.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్, మిల్లీలీటరుకు 13.33 రూపాయలు. రెండోదానిలో 400, మిల్లీలీటరుకు 12. తేడా సగానికి, అంటే పదో వంతుకు దిగింది. తక్కువ ఘాటు సీసాలో నీళ్లకు కూడా మీరు డబ్బు కడుతున్నారు. 2013 ఫిబ్రవరిలో మేకర్స్ మార్క్ వాళ్లు సరుకు చాలక ఘాటును 45 నుంచి 42 శాతానికి దింపుతామని ప్రకటించారు. కొనేవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో వారం రోజులకే వెనక్కి తగ్గారు. ఆ మూడు శాతం విలువ తాగేవాళ్లకు తెలుసు కాబట్టే అంత గొడవ అయింది.

అమెరికా దుకాణంలో కొంటే, అట్ట మీది ధరకు చాలా రాష్ట్రాల్లో అమ్మకం పన్ను పైన పడుతుంది, అదీ కలపండి. ఇక్కడి వైన్స్‌లో దొరికే దిగుమతి సీసాతో పోల్చేటప్పుడు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం బోర్బన్ మీద సుంకాన్ని 150 శాతం నుంచి 100కు తగ్గించినా, దానిపైన రాష్ట్ర పన్నులు ఉన్నాయని మరవొద్దు. మేకర్స్ మార్క్ మన దేశంలో అధికారికంగా అమ్ముతున్నదే. బామ్మర్ది సంచిలో చోటు తక్కువుంటే ఇక్కడ దొరకని దానికే ఆ చోటు ఇవ్వండి.

అంకెలు తేలాక రుచి పరీక్ష. మా సలహా ఒక్కటే: ఇంకో గోధుమ సీసాతో కాదు, తెలిసిన రై బోర్బన్‌తో పోల్చండి. జిమ్ బీమ్ వైట్ సులభంగా దొరుకుతుంది, 40 శాతం. మీ సీసా 46 అయితే 15 మిల్లీలీటర్లకు 2.25 మిల్లీలీటర్ల నీళ్లు వేసి దాన్నీ 40కి తెండి. ఘాటు సమానం చేయకపోతే నాలుక ఎక్కువ ఘాటునే గుర్తుపడుతుంది, ధాన్యం తేడాను కాదు. ఒకే రకం గ్లాసులు మూడు తీసుకుని, ఇంట్లో ఎవరితోనైనా రెండు గ్లాసుల్లో ఒకే బోర్బన్, మూడో గ్లాసులో ఇంకో బోర్బన్ పోయించండి. గుర్తు గ్లాసు అడుగున ఉండాలి. పోసినవాళ్లు ఆ గదిలో ఉండకూడదు, వాళ్ల ముఖం చూసి కూడా మనం కనిపెడతాం. వేరుగా ఉన్న గ్లాసేదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి మూడు వేర్వేరు రోజుల్లో చేయండి. మూడుసార్లూ అదృష్టం మీద సరిగ్గా చెప్పడం 27లో ఒక్కసారే. ఒక రోజుకు పోసేది మూడు గ్లాసుల్లో కలిపి 30 మిల్లీలీటర్లు దాటకుండా కొలత తగ్గించుకోండి. నోరు మొద్దుబారితే పరీక్షకు అర్థం లేదు.

మూడుసార్లూ తేడా తెలిసి, గోధుమదే నచ్చితే పదో పరకో ఎక్కువ పెట్టండి. తెలియకపోతే అగ్గువది కొనుక్కోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ప్రశ్న: స్టఫ్ ఏం బాగుంటది? - వనపర్తి

మిరపకాయ బజ్జి, కారం పల్లీలు వద్దు. కారానికి, ఆల్కహాల్‌కు నోట్లో మంట పుట్టించే నరాల కొస ఒక్కటే, రెండూ కలిస్తే మంట పెరుగుతుంది. మెత్తటి గోధుమ బోర్బన్ కూడా నాటుగా అనిపిస్తుంది. ఉప్పు వేయకుండా వేయించిన మీ పాలమూరు పల్లీలు, పల్లీపట్టి బాగా కుదురుతాయి. నువ్వులు బాగా పడ్డ సకినాలు కూడా. నల్లగొండ బత్తాయి రసం కలిపి తాగాలనుకుంటే పిండిన వెంటనే కలపండి. నిలవ ఉంటే రసం చేదెక్కి బోర్బన్‌ను ముంచేస్తుంది.

ప్రశ్న: తియ్యగుంటదంటున్నరు. నాకు షుగర్ ఉంది, తాగొచ్చా? - గద్వాల

అందులో చక్కెర లేదు, తీపి అనిపించేది వాసన మాత్రమే. అయినా 45 శాతం ఉన్న 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 75 కేలరీలుంటాయి, అన్నీ ఆల్కహాల్‌వే. అసలు ప్రమాదం వేరు. కాలేయం ఆల్కహాల్‌ను అరిగించే పనిలో పడి రక్తంలోకి గ్లూకోజు వదలడం తగ్గిస్తుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు ఖాళీ కడుపున తాగితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, కొన్ని గంటల తర్వాత నిద్రలో కూడా. ఆ చెమట, తడబాటు చూసి పక్కవాళ్లు మత్తు అనుకుంటారు. మీ మందుల చీటీ డాక్టరుకు చూపించి అడగకుండా ముట్టుకోవద్దు.

ప్రశ్న: సీసా విప్పి ఏడాదైంది, పావు వంతు మిగిలింది. రేకుల గదిలో పెట్టిన. పాడైతదా? ఇంకోటి, మా దోస్తు దగ్గర సీలు ఊడిన సీసా సగం ధరకు వస్తుంది, తీసుకోవాల్నా? - నాగర్‌కర్నూల్

పాడై విషమయ్యేది కాదు, రుచి పోతుంది. సీసా ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. రేకుల కింద పగలు ఉబ్బి, రాత్రి ముడుచుకుని ఆ గాలి మూత సందులోంచి లోపలికీ బయటికీ ఆడుతూ వాసననూ ఆల్కహాల్‌నూ లాక్కుపోతుంది. గోధుమ బోర్బన్‌లో ముందు పోయేది ఆ పాకం వాసనే. ఇంట్లో నేల మీద, చీకటి అల్మారాలో నిలువుగా పెట్టండి. పడుకోబెడితే ఘాటుకు కార్కు మెత్తబడి ముక్కలు రాలుతుంది. పావు వంతుకు దిగాక శుభ్రమైన 180 మిల్లీలీటర్ల గాజు సీసాలోకి, మెడ దాకా నిండేట్టు మార్చి బిగించండి. ఆరు నెలల్లో అవగొట్టండి.

రెండోదానికి జవాబు: తీసుకోవద్దు. ఇక్కడ అమ్మే సీసాకు ఎక్సైజ్ హోలోగ్రామ్ చిరగకుండా మూత మీద అతికి ఉండాలి. విదేశీ సీసాకు మూత చుట్టూ పట్టీ గానీ, మేకర్స్ మార్క్‌కైతే మైనపు కప్పు గానీ చెక్కుచెదరకుండా ఉండాలి. ఖాళీ విదేశీ సీసాల్లో నాసిరకం పోసి అమ్మడం ఉన్నదే. అందులో మిథనాల్ ఉంటే రుచికి, వాసనకు తెలియదు, మంట రంగు చూసే పరీక్షనూ నమ్మలేం. అలాంటిది తాగాక కొన్ని గంటలకు చూపు మసకబారినా, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వచ్చినా "తెల్లారితే తగ్గుతదిలే" అని ఆగొద్దు. 108కి ఫోన్ చేసి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి, మిగిలిన సీసా కూడా వెంట పట్టుకెళ్లండి.